పురిటి గది వెనక ఇంజను

కూతురు జ్ఞానప్రసూన పురిటికి వచ్చిన రోజే సుశీలమ్మ పెరటి వైపు గది ఖాళీ చేయించి, దానికున్న ఒక్క కిటికీనీ గోనె సంచులతో కుక్కించింది. కాన్పయ్యాక ఆ సంచుల మీద కంబళి కట్టింది. తలుపు కింద సందులో పాత చీర చుట్టి పెట్టింది. బాలింతకు గాలి తగిలితే సన్నిపాతం కమ్ముతుందని కోంటాలో ఎవరిని అడిగినా చెబుతారు గానీ, సుశీలమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెర్లలో ఆమె చెల్లెలు పురిటి మంచం మీదే ఒళ్లు కాలిపోయి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ పోయింది. కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉందట. ఇక అప్పట్నుంచి గాలి అంటే సుశీలమ్మకు పులి కన్నా భయం. ఈ అడవుల్లో పులి ఎప్పుడో ఒకసారి వస్తుంది, గాలి ఎప్పుడూ ఉంటుంది.

ఆమె మొగుడు భీమశంకరం తీరు వేరు. ఆయన కోంటా బజారులో ఉప్పు, బెల్లం, కిరసనాయిలు అమ్మే షావుకారు. కొత్త వస్తువు చేతికి తగిలితే చాలు, చిన్నపిల్లాడైపోతాడు. యుద్ధం ముగిశాక రాజమండ్రిలో మిలిటరీ సామాను వేలం వేస్తున్నారని విని పరుగెత్తాడు. ఇద్దరు మనుషులు మోసుకుపోగల కరెంటు ఇంజను ఒకటి పాడుకుని, లాంచీ ఎక్కించి, గోదావరి ఎదురెక్కించి శబరి మీదుగా ఇంటికి తెచ్చాడు. బస్తరు సంస్థానం ఈ మూలన కరెంటు దీపం చూసినవాళ్లు ఎంతమందని? మనవరాలి బారసాలకు ఇంటి నిండా బల్బులు వెలగాలి, భోపాలపట్నం నుంచి వచ్చే వియ్యాలవారు నోళ్లు తెరుచుకుని చూడాలి. ఆయన ఆశంతా అదే.

అలాగని నిర్లక్ష్యపు మనిషి అనుకుంటే పాపం, ఆయనకు అన్యాయం చేసినట్టే. అమ్మినవాడు చెప్పిన జాగ్రత్తలన్నీ పాఠంలా అప్పజెప్పేవాడు. పెట్రోలు గుడ్డలో వడపోస్తే గానీ పోయడు. ఇంజను చల్లారందే మూత మీద చెయ్యి వేయడు. బీడీ కాల్చేవాళ్లని ఆ ఛాయలకు రానివ్వడు, పక్కనే తొట్టెడు ఇసుక ఉంచుతాడు. నడిపే ముందు నూనె ఎంతుందో చూస్తాడు, ప్లగ్గు విప్పి మసి గీకుతాడు. షాకు కొట్టకుండా తీగ ఒకటి నేలలో పాతి, అక్కడ రోజూ చెంబుడు నీళ్లు పోస్తాడు. ఇంట్లో ఆడవాళ్లయితే దాని దరిదాపులకు పోకూడదు. "తడి చేత్తో ముట్టిండ్రా, ఉన్నచోటనే మాడిపోతరు" అని బెదిరించి పెట్టాడు.

అమ్మినవాడు ఇంకో మాట కూడా అన్నాడు. ఇంజను ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టాలి, పొగ లోపలికి పోనివ్వొద్దు అని. భీమశంకరం ఆ మాట కూడా చక్కగానే విన్నాడు, వెల్ల గోడలు పాడవుతాయని చెబుతున్నాడనుకున్నాడు. పొగకు భయపడే ఇల్లు ఈ దేశంలో ఎక్కడుంది? పొయ్యిలో పొగ, దోమలకు వేపాకు పొగ, పసిబిడ్డ తల ఆరడానికి సాంబ్రాణి పొగ. పొగ కళ్లు మండిస్తుంది, గోడ నల్లబరుస్తుంది. మనిషిని చంపుతుందంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు.

బారసాల రేపనగా, భోజనాల వేళ నుంచి వాన పట్టుకుంది. పెరట్లో దూరంగా, చింతచెట్టు కింద ఉన్న ఇంజను తడవడం మొదలుపెట్టింది. తడిస్తే షాకు కొడుతుందన్నది గుర్తొచ్చి భీమశంకరం హడలిపోయాడు. కొట్లో పనివాళ్ల చేత దాన్ని వెనక వసారాలోకి మోయించాడు. జల్లు కొట్టకుండా చుట్టూ వెదురు తడకలు కట్టించి, వాటి మీద టార్పాలిన్ కప్పించాడు. ఆ వసారాకు ఒక పక్క బారసాలకని కొత్తగా సున్నం కొట్టించిన సావిడి గోడ, ఇంకో పక్క గోనెలు కుక్కిన కిటికీ ఉన్న పురిటి గది మట్టి గోడ. పొగ గొట్టం ఎటు తిప్పాలన్నది ఆయన పెద్దగా ఆలోచించలేదు. మట్టి గోడ వైపు తిప్పేశాడు.

"మసి పట్టినా ఏం గాదు, ఎట్లాగూ అలుకుతరు" అన్నాడు, తన తెలివికి తనే మురిసిపోతూ.

పనివాళ్లు కొట్టుకు పోయాక తాడు చుట్టి లాగాడు. ఇంజను నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. మబ్బు కమ్మిన ఆ మధ్యాహ్నం సావిట్లో బల్బులు ఒక్కసారిగా భగ్గుమనేసరికి సుశీలమ్మ కూడా పట్టలేక నవ్వింది.

"ఏందే, ఎట్లున్నది?" అని అరిచాడు భీమశంకరం. ఆ చప్పుడులో అరవకపోతే వినపడదు.

"మంచిగనే ఉన్నది గానీ, పసిది జడుసుకోదా?"

"నా మనుమరాలే! జడుసుకుంటదా?"

ఆయన బల్బుల వరస సర్దడానికి నిచ్చెన ఎక్కాడు. సుశీలమ్మ పురిటి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది. లోపల కుంపటి, సాంబ్రాణి, వాము వాసన. మంచం మీద జ్ఞానప్రసూన, మంచం పక్కన పసిదాన్ని ఒళ్లో వేసుకుని సోమి. సోమి దోర్ల తెగ ముసలమ్మ, చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది పిల్లలకు బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. పసిది ఆ చప్పుడుకి జడుసుకోనే లేదు. హాయిగా నిద్రపోతోంది. సుశీలమ్మకు మనసు చల్లబడింది.

కాసేపటికి జ్ఞానప్రసూన మూలిగింది. "అమ్మా, తల పగిలిపోతాంది."

సుశీలమ్మ మంచం మీదకు వంగింది. నుదురు తాకి చూసింది. వేడిగా ఉందో, కుంపటి దగ్గర కూర్చున్న తన చెయ్యే వేడిగా ఉందో తేల్చుకోలేకపోయింది. కూతురి బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎక్కణ్ణుంచో గాలి వస్తోంది, సందేహం లేదు. దిక్కుమాలిన వాన గాలి. లేచి కంబళి అంచులు ఇంకా బిగించింది. తలుపు కింద చీరను కాలితో లోపలికి తొక్కింది. సొంఠి నూరి నుదుటికి పట్టు వేసింది.

జ్ఞానప్రసూన లేచి కూర్చోబోయి, మంచం పక్కకు వంగి వాంతి చేసుకుంది.

"నాకు సుత తిప్పుతాంది, అమ్మా" అంది సోమి గోడకు ఆనుకుని.

"నీకేందే! పొద్దున్నే కల్లు పట్టించి వచ్చినవా?" అని కసిరింది సుశీలమ్మ. బిడ్డకు సన్నిపాతం వస్తుంటే ఈ ముసలిదాని గోల ఒకటి. నిజానికి తన కణతలు కూడా సుత్తితో కొట్టినట్టున్నాయి, కానీ ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తల్లి తల నొప్పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత?

వేడినీళ్లకని ముందు వైపున్న వంటింట్లోకి పోయింది. అక్కడ కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. నీళ్లు మరిగేదాకా ఆ పొయ్యి ముందు నిలబడి, ఉన్న దేవుళ్లందరికీ మొక్కింది. ఆ నిలబడటంలో తలనొప్పి కాస్త సడలింది. చెంబు పట్టుకుని మళ్లీ గదిలోకి అడుగు పెట్టింది.

సోమి గోడ వారనే పక్కకు ఒరిగిపోయి ఉంది. నోరు తెరుచుకుంది. పసిది ఆమె ఒళ్లోంచి జారి నేల మీది బొంత మీద పడి కూడా ఏడవలేదు.

"సోమీ! ఏయ్ సోమీ!" పలకలేదు. "ప్రసూనా! తల్లీ!" జ్ఞానప్రసూన కనురెప్పలు కదిలాయి, కళ్లు తెరుచుకోలేదు.

చెంబు జారి నీళ్లు ఒలికిపోయాయి.  ఇంత భయం ఆమె పుట్టి బుద్ధెరిగి ఎరగదు. అయినా ఆ భయంలోనే ఒక ఆలోచన గుచ్చుకుంది. సన్నిపాతం బాలింతకు వస్తుంది. సోమి ఎవర్ని కనింది? ఈ ముసలిదానికెందుకు వస్తుంది? నాకెందుకు తల పగిలింది, వంటింట్లోకి పోతే ఎందుకు తగ్గింది? రోగం ఒంట్లో లేదు, ఈ గదిలో ఉంది.

ఒక్క ఉదుటున పోయి, ఇన్నాళ్లూ దేవుణ్ణి కాపాడినట్టు కాపాడిన ఆ కిటికీ మీద పడింది. కంబళి లాగేసింది, గోనెలు పీకేసింది. గాలి రాలేదు. వెచ్చటి, కంపు కొట్టే పొగ గుప్పున మొహానికి కొట్టింది. తడకల చీకట్లో మూరెడు దూరంలో ఇంజను వణుకుతోంది, గొట్టం సరిగ్గా ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఏమండీ! ఆపుండి! ఏమండీ!" గొంతు చించుకుని అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు.

ఇంజను తనే ఆపాలంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. చేతులు తడి. ముడితే మాడిపోతారన్న మొగుడి మాట చెవిలో ఉంది. తను ఇక్కడ పడిపోతే వీళ్లను ఎవరు చూస్తారు? పసిదాన్ని చంకనేసుకుని తలుపు తీసింది. ఎదురుగా సావిడి, సావిడి దాటితే వీధి అరుగు, అరుగు మీద ఈదర గాలి, వాన జల్లు. ఒక్క క్షణం గడప మీద కాలు ఆగిపోయింది. చెల్లెలు కళ్లముందు మెదిలింది. ఈ చేతులతోనే పిల్లను తీసుకుపోయి చావుకు అప్పజెబుతున్నానా? అయినా ఆ గదిలో ఇంకో గుక్క పీల్చే ధైర్యం ఆమెకు లేకపోయింది. కాలు కదిలింది.

నిచ్చెన మీద అటు తిరిగి బల్బులు కడుతున్న భీమశంకరానికి ఆ మోతలో ఆమె పిలుపు వినపడలేదు. పసిదాన్ని అరుగు మీద పడుకోబెట్టి వెనక్కి పరుగెత్తింది. ఊపిరి బిగబట్టి జ్ఞానప్రసూన చంకల కింద చేతులేసి లాగింది. ముప్పూటలా పథ్యం తిన్న పిల్ల, అయినా బండరాయంత బరువు. సావిట్లోకి వచ్చేసరికి నిచ్చెన మీద భీమశంకరం చూశాడు.

"ఏంది సుశీలా ఇది? బాలింతని వానలోకి గుంజుకపోతున్నవా? నీకు పిచ్చి లేచిందా?"

"ఆపుండి! మీ పొగ లోపల నిండిపోయింది! సోమి ఇంకా లోపలనే ఉన్నది!"

 భీమశంకరం నిచ్చెన దూకి వసారాలోకి పరుగెత్తాడు. ఇంజను ఆపే రేకును ప్లగ్గు మీదకు నొక్కి పట్టుకున్నాడు. ఇంజను చచ్చింది, బల్బులు ఆరాయి. ఆయన తడకలు కాలితో తన్ని పడగొట్టి, సోమిని భుజాన వేసుకుని తూలుకుంటూ వచ్చాడు.

ఇంట్లో ఒక్కసారిగా వాన చప్పుడు తప్ప ఏమీ లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దం ఇంజను మోత కన్నా భయంకరంగా ఉంది. చిన్న గొంతు ఒకటి అందులో వినపడాలి. వినపడటం లేదు.

సుశీలమ్మ పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది. అరికాళ్లు రుద్దింది. మొహం మీద ఊదింది. "ఏడువమ్మా, ఏడువు, నీ కాళ్లు మొక్కుతా" అంటోంది. పేరైనా పెట్టని పిల్ల, ఏ పేరుతో పిలవాలో కూడా తెలియదు. జల్లు అరుగు మీదకు కొడుతోంది. అన్నాళ్లు భయపడ్డ గాలే పసిదాని తల మీద వెంట్రుకలను కదిలిస్తోంది. ఆమె దాన్ని అడ్డుకోలేదు. ఇంకా రమ్మని మొహం అటు తిప్పి పట్టుకుంది.

మొదట జ్ఞానప్రసూన దగ్గింది. తర్వాత సోమి కళ్లు తెరిచి, లోకం ఎటు తిరుగుతోందో తెలియకుండానే చేతులు చాచింది. పసిదాన్ని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది, చూరు నీళ్లు దోసిట పట్టి అరికాళ్ల మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. పసిది ముడుచుకుంది, నోరు తెరిచింది, చప్పుడు రాలేదు. ఆపైన సన్నగా, జీరపోయినట్టు ఏడుపు మొదలైంది. వానను మించిపోయేదాకా ఏడ్చింది. సుశీలమ్మ అక్కడే కూలబడిపోయింది.

అంతటితో భయం తీరిందనుకుంటున్నారేమో. చలిగాలిలో పడుకున్న బాలింతకు జ్వరం ఏ క్షణం వస్తుందోనని సుశీలమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. నుదురు చల్లగానే ఉంది. తెల్లవారింది, అప్పటికీ చల్లగానే ఉంది. పసిది పాలు తాగింది. సోమి గంజి అడిగి, కల్లు మాట ఎత్తినందుకు సుశీలమ్మను రెండు మాటలు అంది. పడింది సుశీలమ్మ, సంతోషంగా పడింది.

భీమశంకరం మాత్రం ఇంట్లోకి రాలేదు. కూలిన తడకల మధ్య ఇంజను పక్కనే తడుస్తూ కూర్చున్నాడు. సుశీలమ్మ పోయేసరికి తలెత్తకుండానే అడిగాడు.

"ఉన్నరా?"

"ఉన్నరు. పాలు తాగింది."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. "గొట్టం నేనే అటు తిప్పిన సుశీలా. గోడకు మసి పడతదని. సున్నం గోడ కోసం, నా బిడ్డ వైపు తిప్పిన."

ఆమెకు తిట్టాలనే ఉంది. తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి. కానీ గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"మీరు పొగ పెట్టిండ్రు. అది బయటికి పోకుండ సందు సందునా గుడ్డలు కుక్కింది నేను. ఇద్దరం కలిసి, ఎంతో ప్రేమగా, పిల్లల్ని చంపబోయినం."

 భీమశంకరం లేచి ఇంజను ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క పట్టుకునేవాళ్ల కోసం చూశాడు. పనివాళ్లు ఇంకా రాలేదు. సుశీలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. వంగి, రెండో పక్క తను పట్టుకుంది. ఇద్దరూ ఆ బురదలో, ఆగి ఆగి, దాన్ని ఇంటికి దూరంగా మోసుకుపోయారు.