బల్బు కింద చాట

ఇటు జరగండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. ఇది గొంతెత్తి చెప్పుకునే ముచ్చట కాదు. లింగంపేటలో బీడీలు చేసే భూమక్క మూడు రోజులు తల ఎత్తలేకపోయిన ముచ్చట.

భూమక్కకు యాభై ఏళ్లు దాటాయి. ఆ వానాకాలం ఆమె, పక్కింటి కోడలు రూత్ పొత్తు కలిసి ఎల్లారెడ్డి ఊరి నుంచి యాభై కోడిపిల్లలు తెచ్చారు. పుట్టి ఒక్క రోజైన పిల్లలు. అట్టపెట్టెలో కిచకిచమంటూ బస్సెక్కి వచ్చాయి. తల్లికోడి లేని పిల్లలకు వెచ్చదనం మనుషులే ఇవ్వాలి కదా! రూత్ భూమక్క ఇంట్లో ముందుగదిలో రేకును గుండ్రంగా చుట్టి నిలబెట్టింది. లోపల ఊక పోసి, కాగితాలు పరిచి, నడుమ, రేకు అంచుకు కాస్త పైన, పెద్ద బల్బు వేలాడదీసింది.

"పెద్దమ్మా, పిల్లల దిక్కే చూస్తుండు. ఒక్కదాని మీదొకటి పడి గుంపు కట్టినయంటే చలి పెడుతున్నట్టు. బల్బుకు దూరం ఉరికినయంటే ఉడుకైనట్టు. అంతటా పరుచుకొని పండుకున్నయంటే మంచిగున్నట్టు."

"నాకు నేర్పుతవా పోరీ? నీ లగ్గంల కోసిన కోళ్లు గూడ నేను సాదినయే!" అని భూమక్క పకపకా నవ్వింది.

పగలు రూత్ నాట్లకు పోతుంది కాబట్టి కాపలా భూమక్కది. అయిదో రోజు పొద్దున్నే రూత్ ఊక మార్చి, బల్బు మళ్లీ కట్టి పోయింది. ముసురు పట్టింది. ఎండ మొహం కనబడలేదు. ముసురులో బీడీలు మెత్తబడతాయి, మెత్తబడ్డ బీడీలను కార్ఖానాలో ఏరి పక్కన పడేస్తారు. ఎప్పుడూ పొయ్యి దగ్గర ఆరబెట్టుకునేది భూమక్క. ఆ రోజు కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. ఎదురుగా బల్బు ఎర్రగా వెలుగుతోంది. రేకు మీద రెండు కర్రలు అడ్డం వేసి, బీడీల చాటను సరిగ్గా బల్బు కింద పెట్టింది. ఒక్క గడియే కదా అనుకుంది.

వెచ్చదనమంతా చాట తాగేసింది. కింద పిల్లలు కీచుమని అరిచాయి. భూమక్కకు వినబడింది. ఆకలికి కావచ్చులే అనుకుని, ఇంకో కట్ట అయిపోనీ, ఇంకో కట్ట అయిపోనీ అంటూ బీడీలు చుడుతూనే ఉంది. అరుపులు సన్నబడితే నిద్రపోయాయనుకుంది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వేళకు చాట ఎత్తింది. బీడీలు గలగలలాడుతున్నాయి. కింద పిల్లలు ఒక పక్కకు కుప్పపడి ఉన్నాయి. పైవాటిని తీస్తే అడుగున పదమూడు లేవలేదు.

చాటను లోపలింట్లోకి తీసుకుపోయింది. కర్రలు తీసేసింది. సాయంత్రం బురద కాళ్లతో వచ్చిన రూత్ చచ్చిన పిల్లలను చూసి రేకు దగ్గరికి ఉరికింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైతది? బల్బు గంత మీదికి కడితివి. చలికి సచ్చిపోయినయ్."

నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట! రూత్ బల్బు వైపు చూసి, తన చేతుల వైపు చూసుకుంది. "పొద్దుగాల తొందరల కట్టిన. నాదే తప్పు" అంది. అనుమానం కూడా పడలేదు.

మూడో నాడు బీడీలు చేసే ఆడవాళ్లంతా భూమక్క ఇంటి ముందు కూర్చున్నారు. రూత్ వచ్చింది. ఎదురింటి శాంతవ్వ ఊరుకుంటుందా?

"ఏందే రూతమ్మా, పది చదివినవంట. బల్బు కట్టుడు రాదా? పిల్లలను పండుకోబెట్టమంటే పూరాగ పండుకోబెడితివి!"

అందరూ నవ్వారు. రూత్ నవ్వలేదు. "పెద్దమ్మా, మిగిలినయన్నీ నువ్వే ఉంచుకో. నా చెయ్యి మంచిది కాదు. ఇగ వాటిని ముట్ట" అని వెనక్కి తిరిగింది.

భూమక్క చేతిలో దారం తెగింది. ఇప్పుడు ఊరుకుంటే ఆ పిల్ల జన్మంతా తన చేతుల్ని తానే తిట్టుకుంటుంది. ఒడిలోని చాట పక్కకు పెట్టి లేచింది.

"ఆగు బిడ్డా. బల్బు నువ్వు మంచిగనే కట్టినవ్. నేనే దాని కింద బీడీలు ఆరబెట్టిన. పిల్లలు మొత్తుకున్నయ్, ఇన్న. ఇని గూడ లేవలే. సంపింది నేను."

శాంతవ్వ బీడీ ఆకు కత్తిరించడం ఆపేసింది. రూత్ తిరిగి వచ్చి భూమక్క ఎదుట నిలబడింది.

"చాట పెట్టినవంటే తెలువక పెట్టినవ్ పెద్దమ్మా. మరి మూడు దినాల సంది నేను ఏడుస్తుంటే ఎట్ల చూసుకుంట కూసున్నవ్?"

భూమక్క దారి వదిలి పక్కకు జరిగింది. రూత్ ఆమెను దాటుకుని లోపలికి పోయింది. ముప్పై ఏడు పిల్లల ముందు కూర్చుని నీళ్ల గిన్నె కడగసాగింది. భూమక్క గడప అవతలే నిలబడింది. తన ఇంట్లోకి తాను అడుగు పెట్టడానికి ఆ పిల్ల రమ్మనాలని చూస్తూ నిలబడింది. రూత్ రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.

ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి తల్లీ. మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు భూమక్క మీద జాలిపడి, రూత్ అడిగిన ఆ ఒక్క మాట మాత్రం వదిలేయకండి.