తాత బరువు

మా పడవకి ఎవరూ వంకలు పెట్టొద్దు. గ్రహాల మధ్య మంచుగడ్డలు లాక్కెళ్ళే చిన్న వాహనం, అంతే. అది తిన్నగా నడవాలంటే ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో, ఎంత బరువుంటారో దానికి ముందే చెప్పాలి. ఇంజన్లు ఆ లెక్కన సర్దుకుంటాయి. నడిపేది పిడుగు. మనిషి చిన్నదే, నోరు మాత్రం పెద్దది. వండేది నేను. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కానీ అది నన్ను పిన్నీ అంటుంది, నేను దాన్ని తిడతాను, కాబట్టి చుట్టాలమే.

పాత మెకానిక్ మానేస్తే, ఇంకొకరు దొరికేదాకా అని ఒక పెద్దాయన వచ్చాడు. రాగానే పిడుగు తాతా అని పిలిచింది. ఆయన మొహం మాడ్చుకుని, తానెవరికీ తాత కాదనీ, మెకానిక్ అంటే చాలనీ అన్నాడు. సంచి కూడా విప్పలేదు మహానుభావుడు. అయినా అడక్కుండానే నా స్టవ్ బాగుచేశాడు. చదరంగంలో దొంగాట ఆడుతున్నావని పిడుగుతో పోట్లాడాడు. సూపులో ఉప్పు తక్కువైందని రోజూ సణిగాడు. ఇంట్లో మనిషి కాకపోతే అంత సణుగుతాడా?

ఇంతలో ఒక పెద్ద ఓడ వాళ్ళు ఆయన్ని పనిలోకి పిలిచారు. కిటికీ ఉన్న గదట, మెత్తటి పరుపట. రేవులో దిగిపోయాడు. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు. నాకు! జాగ్రత్తగా వెళ్ళమని మాత్రం చెప్పి, లోపలికొచ్చి గిన్నెల మీద కోపం చూపించాను.

బయల్దేరామో లేదో పడవ ఒక పక్కకి లాగడం మొదలెట్టింది. సూపు గిన్నె జారి నా ఒళ్ళోకొచ్చింది. ఆయన ఇంకా ఆ సీట్లోనే ఉన్నాడనుకుంటోంది పిచ్చి పడవ. తాత బరువు లెక్కలోంచి ఎందుకు తీయలేదని పిడుగుని నిలదీశాను. అది తల వంచుకుంది.

"చేతులు రాలేదు పిన్నీ."

ఇంకేం తిడతాను? పిండి బస్తా ఈడ్చుకొచ్చి ఆయన సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాను. పడవ బుద్ధిగా తిన్నగా నడిచింది. కానీ ఆ బస్తాని చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. పిడుగైతే అటు చూడనే లేదు. వెనక్కి తిప్పమన్నాను.

పెద్ద ఓడ ఇంకా రేవులోనే ఉంది. మా పడవ పక్కకి లాగుతోంది, ఒకసారి వచ్చి చూడమని ఆయనకి కబురు పెట్టాం. విసుక్కుంటూ, సంచి భుజాన వేసుకునే వచ్చాడు. పనిముట్లు తీయబోయి, సీటు వైపు చూసి ఆగిపోయాడు. బస్తానీ, మా మొహాల్నీ మార్చి మార్చి చూశాడు. తన బరువు లెక్కలోంచి తీసెయ్యడానికి ఒక్క మీట నొక్కితే సరిపోతుంది కదా అని పిడుగుని అడిగాడు. సరిపోతుందంది. మరి నొక్కలేదేం అన్నాడు. అది నా వైపు చూసింది.

"మీరు లేకపోతే మాకేం బాగాలేదు," అని నేనే అనేశాను.

ఆయన బెల్టు విప్పి, తానేమన్నా ఇంత లావున్నాడా అని సణుగుతూ బస్తాని పక్కకి తోశాడు. తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"తాత బరువు అలాగే ఉండనీ," అన్నాడు పిడుగుతో.

పడవ కదిలేలోపు ఆయన సంచి నేనే విప్పి బట్టలన్నీ అలమరలో సర్దేశాను. మళ్ళీ మనసు మార్చుకుంటే నేను పడలేను.