ఎద్దుతల బిడ్డ తల్లి

ఎద్దు తలకి కొమ్ములు ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా పెట్టిందేమిటి ఈ పిల్ల, మట్టి చాల్లేదేమో, అయినా కొమ్ముల సంగతి ఇప్పుడెందుకు తనకి, ఇంకో పావుగంటలో సంఘం వాళ్ళంతా వచ్చేస్తారు, కోడికూర గిన్నె ఎక్కడ పెట్టాలి, డైనింగ్ టేబుల్ నిండా నవోమి స్కూల్ ప్రాజెక్టే, బూట్ల డబ్బాలో అట్టముక్కల గోడలు, ఎటు తిరిగినా గోడలే, నట్టనడుమ ఈ ఎద్దుతల మనిషి, తీసి పక్కన పెట్టవే అంటే ఇంకా తడిగా ఉంది మమ్మీ, టచ్ చెయ్యకు అంటుంది, ఆరో క్లాసు పిల్లలకి గ్రీకు రాక్షసుల చదువేమిటో ఈ అమెరికా షామ్‌బర్గ్‌లో, సరే, దేవకుమారి గిన్నె పొయ్యి మీదే వదిలేసింది, బేస్‌మెంట్ తలుపు గడియ వేసిందా, వేసింది, అయినా మళ్ళీ వెళ్ళి చూసింది, కింద టీవీలో కార్టూన్లు మోగుతున్నాయి, చిన్నది రూతుకి పాలు తాగించింది, చేతికి బిస్కెట్లిచ్చింది, గంటన్నరే కదా, ఎనిమిదేళ్ళొచ్చినా మాట రాని పిల్ల, నోట్లోంచి చొంగ ఆగదు, సంతోషమొచ్చినా భయమేసినా ఒకటే అరుపు, ఆ అరుపు ఈ గంటన్నరా రాకుండా ఉంటే చాలు ప్రభువా.

ఒక్కతే అండి అన్నాడు భర్త సుందర్ రాజ్, రెండేళ్ళ కిందట, ఈ తెలుగు సంఘంలో చేరిన మొదటి ఆదివారం, పిల్లలెంతమందమ్మా అని పాస్టరు సత్యానందం అయ్యగారు అడిగితే, రూతు ఆ రోజు జ్వరంతో పక్కింటావిడ దగ్గరుంది, పక్కన నవోమి ఒక్కతే నిలబడి ఉంది, ఒక్కతే అండి, అంతే, ఇక ఆ మాటని వెనక్కి తీసుకునే దారి లేకపోయింది, అప్పట్నుంచీ ఆదివారాలు ఒకరు చర్చికి, ఒకరు ఇంట్లో, ఆయనకి ఓవర్‌టైమ్ అనీ తనకి హాస్పిటల్ డ్యూటీ అనీ అబద్ధాలు, ఇంటింటికీ వంతులవారీగా తిరిగే కుటుంబ ప్రార్థన కూడికని రెండుసార్లు వాయిదా వేశారు, మూడోసారి ఏ మొహంతో వద్దంటారు, ఆయన ఆ మాట అనకపోతే ఇంత జరిగేదా, అన్నది ఆయనే కదా, ఆ రోజు చర్చి బయట మంచు పడుతోంది, తను చేతికి గ్లవ్స్ తొడుక్కుంటోందో, తీస్తోందో, ఎంత గుర్తు చేసుకున్నా మాటే వినిపిస్తుంది కానీ గొంతు తెలియదు.

వందనాలండీ, వందనాలు, కోట్లన్నీ మంచం మీద పడేయండి, అయ్యగారి భార్య రత్నం అమ్మగారు టేబుల్ దగ్గరే ఆగిపోయారు, ఏంటమ్మా నవోమీ ఇది, పశువుల పాకా, కాదు ఆంటీ, ఇది మేజ్, వెళ్తే బయటికి దారి దొరకదు, లోపల మాన్‌స్టర్ ఉంటాడు, సగం మ్యాన్, సగం బుల్, క్వీన్‌కే పుట్టాడు, కింగ్‌కి చాలా సిగ్గు అయింది, అందుకే ఎవరూ చూడకుండా లోపల పెట్టేశాడు, అయ్యో, మరి వాళ్ళమ్మ ఊరుకుందా, ఏమో ఆంటీ, ఆమె ఏం చేసిందో బుక్‌లో లేదు, అందరూ నవ్వారు, దేవకుమారీ నవ్వింది, నవ్వుతూనే గ్లాసుల్లో నీళ్ళు పోసింది, ఒక గ్లాసు పొర్లిపోయింది, రాజుకి సిగ్గట, మరి ఆ బిడ్డకి పాలెవరు పట్టారు, చీకట్లో భయపడి ఏడిస్తే రాణిగారికి వినపడేదా, వినపడకుండా ఉండాలనే అన్ని గోడలు కట్టించారా, ఛీ, కట్టుకథ, ప్రార్థన పూట ఈ ఆలోచనలేమిటి, కింద టీవీ మోగుతోందా లేదా, వీళ్ళ మాటల్లో ఏమీ తెలియడం లేదు.

పాటలైపోయాయి, వాక్యం అయిపోయింది, అరుపు రాలేదు, అరుపు రాకపోవడమే ఇప్పుడు భయంగా ఉంది, పడిపోయిందా, బిస్కెట్టు గొంతుకి అడ్డం పడిందా, అయ్యగారు లేచి నిలబడ్డారు, అందరూ కళ్ళు మూసుకున్నారు, ప్రభువా, ఈ గృహాన్ని దీవించు, సుందర్ రాజ్ గారినీ దేవకుమారమ్మనీ దీవించు, నీవు వీరికిచ్చిన ఒక్కగానొక్క బిడ్డని, ఆమెన్ ఆమెన్ అంటున్నారు చుట్టూ, దేవకుమారి కళ్ళు తెరిచింది, ఎదురుగా సుందర్ రాజ్ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి, బేస్‌మెంట్ తలుపు వంకే చూస్తున్నాడు, చెంపల మీద నీళ్ళు, తుడుచుకోవడం లేదు, నోరు కొంచెం తెరిచి ఉంది, చెప్పబోయి ఆగిపోయినట్టు, ఈ నోరు తను చూసింది, ఇలాగే, ఆ మంచులో, ఇద్దరని చెప్పడానికే తెరిచాడు, అతని గొంతులోంచి మాట బయటికి రాకముందే ఇంకెవరో అందుకున్నారు, దేవకుమారి లేచింది, మోకాళ్ళ మధ్య నుంచి, మూసిన కళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది, రెండేళ్ళుగా ఈ మనిషిని నువ్వన్న మాటే అని ఎన్ని తిట్లు తిట్టిందో, పాపం ఒక్కసారి కూడా కాదనలేదు, భార్య సిగ్గుని తన సిగ్గుగా మోశాడు, గడియ చప్పుడుకి అందరూ తలెత్తి చూశారు, చూడనీ, ఒక్కతే అండి అన్నది ఆయన కాదు, నవ్వుతూ, చక్కటి గొంతుతో, ఏ తడబాటూ లేకుండా ఆ మాట అన్నది కన్నతల్లి, తనే.