అల్లుడుగారు తవ్విన మట్టి

కూతురికి సంబంధం కుదిరినప్పుడు అబ్బాయి మట్టి పరీక్షల ఆఫీసరని విని గొర్రెలామె తెగ మురిసిపోయింది. ఆ మురిపెం మూడేళ్లలో ఆవిరైపోయింది. చెప్పుల్లో ఇసుక పడుతుందని జీపు దిగడానికే ముఖం చిట్లించే మనిషి మట్టికేం ఆఫీసరు?

ఈసారి ఆ మహానుభావుడు ఏకంగా అత్త పొట్ట మీదే కొట్టాడు. ఆమె మంద మేసే సర్కారు ఇసుక నేల సాగుకు భేషుగ్గా పనికొస్తుందని రిపోర్టు రాశాడు. ఇక అక్కడ గొర్రెలు అడుగు పెట్టకూడదట. ట్రాక్టర్లు దిగుతాయట.

"మట్టి ఎక్కడ తీశారు అల్లుడుగారూ?" అని అడిగిందామె, కూతురి వంటింట్లో నిలబడి.

"జీపు ఆగినచోటే అత్తయ్యగారూ. కంచె పక్కన, నీడలో. నల్లగా ఎంత సారముందనుకున్నారు!"

"అది నా మంద పడుకునే చోటు. ఇరవై ఏళ్ల గొర్రెపెంట సంచుల్లో నింపుకుపోయారు! నాలుగడుగులు అవతలికేస్తే వట్టి ఇసుక. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. గడ్డి వేళ్లే దాన్ని పట్టుకునున్నాయి. దున్నితే గాలికి లేచిపోతుంది."

కూతురు నవ్వాపుకోలేక పొయ్యివైపు తిరిగింది. అల్లుడి ముఖం మాడిపోయింది.

"రిపోర్టు పైకెళ్లిపోయింది. ఇప్పుడు మారిస్తే నా పరువేం కావాలి?"

ఆ గుప్పెడు పరువు కోసం తన మంద కడుపు మాడాలన్నమాట! ఆమె తిన్నగా ఆఫీసుకే వెళ్లింది. "రాసింది మీ అల్లుడుగారే కదమ్మా, ఇంట్లోనే తేల్చుకోండి" అని గుమస్తాలు పళ్లికిలించారు.

దున్నారు. విత్తారు. మొలక జానెడైనా లేవలేదు. వేసవి గాలికి ఇసుకంతా లేచి ఊళ్లో మంచాల మీద, కంచాల్లో పడింది. మేత లేక మంద సగమైంది.

ఏడాది తిరిగాక అల్లుడు మిఠాయి పొట్లంతో దిగాడు. ఈసారి ఎండలో నడిచి పదిచోట్ల తవ్వాడట. ఏదో ఘనకార్యం చేసినట్టు కాగితం చేతికిచ్చాడు.

"సాగుకు పనికిరాదు, మేతకే పనికొస్తుందని రాశాను. మీ నేల మీకు తెప్పించాను అత్తయ్యగారూ! ఇక మందని తోలుకోండి."

ఆమె అతన్ని రెక్క పట్టుకుని గుమ్మంలోకి లాక్కెళ్లింది. ఎదురుగా కనుచూపుమేర ఇసుకే. ఒక్క గడ్డిపోచ లేదు.

"తోలతాను. ఎక్కడ మేయాలో చూపించండి."

అల్లుడు చెయ్యెత్తాడు. ఎటు చూపించాలో తోచక ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.