చేతిలో ఇనుము

ఇడ్లీకి రుబ్బిన మావులో తాళంచెవుల గుత్తి పడింది. తప్పెవరిదని పొద్దున్నే రభస.

"పిలిస్తే పలకలేదు నువ్వు. చేతిలో పెడదామని వస్తిని," అంది అత్త తిరుమలమ్మాళ్.

"ఉప్పు వేసినానా లేదా అని ఆలోచిస్తా ఉంటిని అత్తా. అది కూడా తప్పా?"

"నీకేం మే, ఆలోచన అంటావు. చూసేవాళ్ళకి గదా భయం!"

మొగుడు సతీష్‌కుమార్ ఫోన్లోంచి తలెత్తి నవ్వాడు. "పోనీలేమ్మా, ఇనుము సత్తువ మంచిదే. ఇడ్లీ బలంగా వస్తుంది."

తిలకవతి గుత్తిని తీసి కడిగింది. మావు పారబోసి, ఉప్మాకి ఉల్లిపాయలు తరిగింది. కత్తిపీట ముందు కూర్చోవడానికీ, పొయ్యి ముందు నిలబడడానికీ ఆమె ఒంటిని ఎవరూ శంకించరు. ఉద్యోగం మాటెత్తితేనే ఆ ఇంట్లో మళ్ళీ రోగి అవుతుంది.

మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని అత్త నమ్మకం. పెళ్ళయిన కొత్తలో అందులో ప్రేమ కూడా ఉండేది. తరువాత తిలకవతి మెదడుకు ఆపరేషన్ అయింది. మూర్ఛ మళ్ళీ రాలేదు. మాత్రలు మానకుండా వేసుకుంటూ పనికి వెళ్ళొచ్చని, బండి మాత్రం నడపొద్దని డాక్టరు చెప్పాడు. మూర్ఛ పోయింది గానీ తాళంచెవులు పోలేదు. కిటికీ దగ్గర ఒక్క క్షణం ఊరికే నిలబడితే చాలు, వెనకనుంచి గలగలమని చప్పుడు. చల్లటి వేళ్ళు ఆమె పిడికిలి విప్పేవి. "ఏం కాదు, ఏం కాదు. ఇప్పుడు సరి అవుతుంది," అని చెవి దగ్గర గొణుగుడు. స్నానాలగది గడియ అప్పుడెప్పుడో పీకేశారు, తిరిగి బిగించలేదు. నీళ్ళు పోసుకుంటుంటే తలుపు కింద రెండు పాదాల నీడ, కదలకుండా.

నిన్న లైబ్రరీకని చెప్పి పీలమేడు బస్సెక్కింది. పంపుల కంపెనీలో ఇంటర్వ్యూ. పెళ్ళికి ముందు ఇలాంటి ఆఫీసులోనే డ్రాయింగులు గీసేది. అక్కడ అందరి ముందూ పడిపోయాక, ఇక రావద్దన్నారు. ఈసారి ఆపరేషన్ సంగతి తనే ముందు చెప్పింది. ఎదురుగా ఉన్నావిడ విని తలాడించి, కంప్యూటర్లో ఒక పంపు భాగం గీయమంది. గీస్తుండగా ఎవరో లోపలికొచ్చి బండి తాళాలు బల్లమీద పడేశారు.

తిలకవతి ఎడమచెయ్యి తనంతట తనే తెరుచుకుంది. ఒళ్ళో వెల్లకిలా పడి, ఎదురుచూస్తూ ఉంది. ఆమెకు గది తెలుస్తూనే ఉంది. మౌస్ మీద కుడిచెయ్యి గీత తప్పలేదు. ఆ అరచెయ్యి మాత్రం ఎవరిదో. దానికేసి చూస్తుంటే అర్థమైంది. డాక్టర్లు తలలోంచి తీసేసిన జబ్బు ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. దానికి రోజూ తనే వండి పెడుతోంది.

ఇవాళ మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఎప్పటిలాగే అత్త గుత్తి తెచ్చి తిలకవతి కంచం పక్కన పెట్టింది.

"పీలమేడు పంపుల కంపెనీలో పని ఇచ్చినారు. రేపటినుంచి పోతా ఉండాను," అంది తిలకవతి, రసం వడ్డిస్తూ.

"ఎవర్ని అడిగి? వేండాం తిలకా, పోవద్దు," అన్నాడు సతీష్‌కుమార్. "ఆడ పడిపోతే ఎవరు చూసేది? ఇంట్లో నీకేం కొరత?"

"పడితే ఏం చెయ్యాలో వాళ్ళకి చెప్పే వచ్చినాను మామా. చేతిలో ఏమీ పెట్టొద్దని కూడా చెప్పినాను."

తిరుమలమ్మాళ్ చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. చూపు గోడమీద ఒకేచోట నిలిచింది. రెప్ప పడలేదు.

"అమ్మా?" అన్నాడు కొడుకు.

ఆమె పలకలేదు.

తిలకవతి కంచం పక్కనుంచి గుత్తి తీసింది. అత్త ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పి, ఇనుము అరచేతిలో పెట్టి, మూసింది.

"ఏం కాదత్తా, ఏం కాదు," అంది చెవి దగ్గర. "ఇప్పుడు సరి అవుతుంది. రేపు పొద్దున టిఫను మీరు చూసుకోండి."