బావ మెట్టు

నా నోరు మంచిది కాదని మా అక్క ఎప్పుడూ అంటుంది. నిజమే. అనాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ అనే నోరు ఇది.

మా బావ, నేను ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. బావ కింద షెడ్డులో ఫిట్టర్, నేను పైన డిజైన్ గదిలో. మోటారును గోడకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ మీద కాలు మోపి, పైనున్న బేరింగుకు గ్రీజు పెట్టడం బావకు ఇరవై ఏళ్ల అలవాటు. నిచ్చెనేమో షెడ్డు అవతలి మూల ఉండేది. అది మెట్టు కాదు బావా అని ఎన్నిసార్లు పోట్లాడానో! నీకు బ్రాకెట్టు, నాకు మెట్టు అని నవ్వేసేవాడు.

కిందటేడు మాకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. భాగం మీద పడే బరువులన్నీ జాబితా రాసిస్తే చాలు. అదే వందల ఆకారాలు గీసి, ఒక్కోదాన్నీ కంప్యూటర్లోనే పరీక్షించి, పనిలేని ఇనుమంతా తీసేసి, అన్నిటికన్నా తేలికైనది చూపిస్తుంది. ఆ బ్రాకెట్‌కు మోటారు బరువు, కుదుపు, వేడి, పైపుల లాగుడు, ఇలా పద్నాలుగు రాశాను. పదిహేనోది రోజూ నా కళ్లముందే ఎక్కి దిగేది. మరిచిపోయానని బొంకను. రూల్లో లేని పనికి నా జాబితాలో చోటెందుకనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాలుగు వందల ఆకారాల్లో ఒకటి గెలిచింది. సగానికి సగం బరువు తగ్గింది. బావను పిలిచి చూపించాను.

"ఏమ్మా కంప్యూటరమ్మా, దీనికి తిండి పెట్టడం లేదా? బక్కచిక్కిపోయింది," అన్నాడు. గట్టిదేనా అని కూడా అడిగాడు. నాలుగు వందల రకాలు పరీక్షించి తేల్చిందని గొప్పలు పోయాను. కాలు పెట్టకు అని మాత్రం ఆ రోజు అనలేదు.

బిగించిన తొమ్మిదో రోజు అది విరిగింది. బావ వెనక్కి కాంక్రీటు మీద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

డిజైన్‌లో లోపం లేదు, పనివాడే నిలబడకూడని చోట నిలబడ్డాడు అని విచారణ కాగితం రాసి, సంతకానికి నా బల్ల మీద పెట్టారు. సంతకం చేస్తే తప్పంతా బావది. పోయినవాడు ఎదురుచెప్పడు కదా.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు రాశాను పదిహేనో బరువు. డెబ్బై ఎనిమిది కిలోలు, ఒంటికాలి మీద. పదకొండు నిమిషాల్లో కొత్త ఆకారం వచ్చింది. అదే మందం, అవే అంచులు. దాదాపు మా పాత బ్రాకెట్టే. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆ బొమ్మ, సంతకం పెట్టని కాగితం తీసుకెళ్లి అక్కకు అంతా చెప్పేశాను. కొడితే బాగుండుననిపించింది. అక్క ఆ బొమ్మ అందుకుంది.

"ఆ పొద్దున నేను చెప్పానే మీ బావకి. కొత్తది సన్నగా ఉందంటున్నారుగా, దాని మీద ఎక్కకండి అని."

"బావేమన్నాడు?"

"మన పిల్ల చేసింది, విరగదులే అన్నారు."