పేర్లు రాసిన బొమ్మలు

నరసింహప్ప రాగి చేలోకి జోడిదారు ఎద్దుల్ని తోలించిన పొద్దున నేను గట్టు మీద నిలబడి బొమ్మ గీస్తున్నాను. అడ్డం పోలేదు, కేక వేయలేదు, బొమ్మ గీశాను. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. బొమ్మలు నేర్చుకుంటున్న మీలో చాలామంది ఏదో ఒక రోజు ఇలాంటి గట్టు మీదే నిలబడతారు.

ఇరవై ఎద్దులు, వాటి వెనక ఎనిమిది మంది. వాళ్ళు మా వైపు వాళ్ళు కారు, ఆంధ్ర ఎల్లకు అవతల నుంచి కూలికి తెచ్చిన వాళ్ళు. వారంలో కోతకు రావాల్సిన చేను గంటలో నేల కరిచింది. నరసింహప్పకు అరవై ఏళ్ళు. ఒక ఎద్దు కొమ్ములు పట్టుకుని వెనక్కి నెడుతూ, దాన్ని తిట్టకుండా మెల్లగా ఏదో చెప్పుకుంటున్నాడు. ఒకడు కర్రతో ఆయన మోకాలి వెనక కొట్టాడు. ఆయన కూలబడిన తీరు నా కాగితం మీద చక్కగా వచ్చింది. వచ్చిందని నాకు సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఊరు మిట్టకొత్తపల్లి, కన్నడ సీమ అంచున, చాకవేలుకు మూడు మైళ్ళు. ఊరంతా జోడిదారుకు రాజులిచ్చిన ఇనాం. మూడు తరాలుగా దున్నేది మేము, మేనాలో వచ్చి వాటా కొలిపించుకునేది ఆయన వంశం. ఇనాములు రద్దని బెంగళూరులో చట్టం వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు. దున్నేవాడి పేరు మీదికి భూమి రావాలి. అయితే దున్నుతున్నాడని ఎవరు చెప్పాలి? తాలూకు అమల్దారు స్వయంగా వచ్చి, ఏ చేలో ఏ పంట ఉందో, ఎవరు నిలబడి ఉన్నారో చూసి రాసుకోవాలి. కార్తీకం చివరి గురువారం వస్తాడని కచేరి నుంచి నోటీసు వచ్చింది. ఆ రోజుకు చేలో పంటా మనిషీ కనపడకపోతే ఆ చేను జోడిదారు సొంత సాగు కింద రాసేస్తారు. ఎద్దులు అందుకే దిగాయి. చెరువు తూము కూడా అందుకే నెల ముందు మూయించాడు.

అది యాభై తొమ్మిది. నేను బరోడా విశ్వవిద్యాలయంలో చిత్రకళ మూడో ఏడు చదువుతూ దీపావళి సెలవులకు వచ్చాను. అక్కడ నా తోటివాళ్ళు కొత్తరకం బొమ్మలు వేసేవాళ్ళు. కన్ను ఒక మూల, ముక్కు ఇంకో మూల, మనిషి పలకలు పలకలుగా ఉండేవాడు. నాకు నవ్వొచ్చేది. నేను గీస్తే అచ్చు గుద్దినట్టు ఉండాలి, చూసినవాడు పేరు పెట్టి పిలవాలి. మా గురువు ఒకరోజు నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక మనిషిని గీశావు, మనుషుల్ని ఎప్పుడు గీస్తావని అడిగారు. ఇలాగే అయితే ఫోటో స్టూడియో పెట్టుకోమని కూడా అన్నారు. పట్నం వాళ్ళకు పల్లె మొహాలంటే చిన్నచూపు అనుకుని ఊరుకున్నాను.

ఎద్దులు దిగిన రోజు మధ్యాహ్నమే కళ్ళంలో ఊరు కూడింది. ఎవరి చేను వాళ్ళు దొంగచాటుగా కోసుకుందామని కొందరు, జోడిదారు కాళ్ళ మీద పడదామని కొందరు అన్నారు. లక్ష్మణప్ప అనే ముప్పై ఏళ్ళ రైతు లేచాడు. ఎప్పుడో కుస్తీలో ముక్కు విరిగిన మనిషి.

"ఒక్కొక్కరు కోస్తే ఒక్కొక్కరినే తొక్కిస్తాడు. అందరం ఒకే చేలో దిగుదాం. అది అయినంక ఇంకో చేను. కోసింది ఇంటికి తేవద్దు, చేలోనే వామి వెయ్యాల. అమల్దారు కండ్లకు పడాల."

జోడిదారు ఉప్పు తిన్నామే అని ఒక ముసలాయన గొణిగాడు. మా నాయన ఆంజనేయప్ప సామాన్యంగా మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు.

"ఆయప్ప ఉప్పు మనం తిన్యామో లేదో నాకు తెలీదు. మన రాగులు ఆయప్ప తిన్యాడు. అది మటుకు తెలుసు."

జనం నవ్వారు. నవ్విన తరవాత భయం కొంచెం తగ్గింది. మర్నాటి నుంచి ఎద్దుల దారిలో ఉన్న ఏడు చేలల్లోకి ఊరంతా దిగింది. నరసింహప్ప చేలో మిగిలిన కంకుల్ని ఆడవాళ్ళు మట్టిలోంచి ఏరారు. జోడిదారు మనుషులు కర్రలతో వచ్చి, వంద కొడవళ్ళు చూసి గట్టు దిగకుండా నిలబడిపోయారు.

నేను గీస్తూనే ఉన్నాను. మూడు రోజుల్లో ముప్పై ఒక్క మొహాలు. మొదటిది మా అమ్మ అంజనమ్మది, గడ్డం మీద పుట్టుమచ్చతో సహా. చూసినవాళ్ళు మురిసిపోయారు. పుట్టి ఇన్నేళ్ళకు తమ మొహం కాగితం మీద చూసుకోవడం వాళ్ళకు అదే మొదలు. కింద పేరు కూడా రాయి పిళ్ళప్పా అని అడిగారు. రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో, తండ్రి పేరుతో సహా.

అక్కయమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. ఆమె మొగుడు పోయిన మనిషి, రెండెకరాలు ఒంటి చేత్తో సాగు చేస్తుంది. ఊళ్ళో అన్ని చేలకూ దిష్టికుండ రాసేది ఆమే. మసి పట్టిన కుండ మీద సున్నంతో రెండు గుండ్రటి కళ్ళు, వరసగా పళ్ళు. ఆమె చెయ్యి మంచిదని పేరు. నేను ఆమె వైపు తిరగగానే చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నా మొగం రాయొద్దు నాయనా. మొగం ఒకసారి ఇచ్చేస్తే మల్లా మనది గాదు."

ముసలి చాదస్తం అనుకున్నాను.

జోడిదారు పోలీసు ఠాణాలో కేసు పెట్టాడు. తన సొంత పంట దోచుకున్నారని, దొమ్మీ చేశారని. కేసు నిలవలేదు. ఎవరు కోశారంటే ఊరు అన్నాడు. ఊరిని సంకెళ్ళు వేసి తీసుకుపోవడం కుదరదు. కర్రలు పట్టుకొచ్చిన కూలివాళ్ళకు మాలో ఒక్కరి పేరూ తెలియదు. జోడిదారు మేనా దిగి ఎప్పుడూ మా చేల దాకా వచ్చినవాడు కాదు, ఆయనకు మా వాటాలు తెలుసు గాని మా మొహాలు తెలియవు. అదే మాకు రక్ష. ఆ రక్షను నేను పోగొట్టాను.

ఈ అన్యాయం పేట జనం చూడాలనుకున్నాను. చూస్తే కదులుతారనుకున్నాను. ముప్పై ఒక్క బొమ్మలూ తీసుకుని బాగేపల్లి వెళ్ళి అక్కడ పేపర్లు చదువుకునే వాచనాలయం గోడకు తగిలించాను. పేట కదల్లేదు గాని బాగా మెచ్చుకుంది. బట్టల కొట్టు వాసుదేవ శెట్టి నా భుజం తట్టి, ఊపిరి పోస్తే లేచొచ్చేటట్టు ఉండారప్పా అన్నాడు. రెండు రోజులు పొగడ్తలు తాగి మత్తెక్కి తిరిగాను. మూడో రోజు పోయేసరికి గోడ బోసిగా ఉంది, మేకులు మాత్రం మిగిలాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి బొమ్మలన్నీ చుట్టి తీసుకుపోయాడని కాపలా మనిషి చెప్పాడు. ఆయన చాలా మెచ్చుకున్నాడని కూడా చెప్పాడు.

నేను ఊరు చేరేలోపే జీపు చేరింది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క బొమ్మా మొహం పక్కన పెట్టి చూసి, కింద పేరు చదివి, ఎక్కించాడు. వామి వేసిన ఏడు చేల రైతులూ జైలుకు పోయారు. నరసింహప్ప పోయాడు. మా నాయన పోయాడు. నా బొమ్మలో మా నాయన కోపంగా ఉంటాడు, జీపు ఎక్కేటప్పుడు మాత్రం ఏ కోపమూ లేదట. పిల్లోడు బో బాగా రాసినాడు అన్నాడట.

మిగిలిన ఇరవై నలుగురు గుట్ట మీది బండల్లోకి పారిపోయారు. అందులో మా అమ్మ ఉంది. బొమ్మల్లో లేనివాళ్ళు తలుపులు వేసుకున్నారు. అమల్దారు వచ్చే గురువారానికి రెండే రోజులు. వాముల దగ్గర మనిషి లేడు. ఎద్దులు మళ్ళీ దిగితే ఆపేవాళ్ళు లేరు. గాలికి రాగి గడ్డి కదిలినా జీపు వస్తున్నట్టే ఉండేది.

అక్కయమ్మ వెంట నేను గుట్ట ఎక్కాను. ఆమె బొమ్మ లేదు గనక ఆమె ఒక్కతే తిరగగలిగింది, అందరికీ ముద్ద మోసుకుపోయింది. బండల చాటున లక్ష్మణప్ప నాకు ఎదురొచ్చాడు.

"జోడిదారు పట్టిచ్చింటే వాని మింద కోపం చేసుకుందుము. మన బిడ్డే పట్టిచ్చె. ఈ కోపం ఎవరి మింద పెట్టేదప్పా?"

కొట్టి ఉంటే బాగుండేది. ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకపోవడమే న్యాయం. తరవాత వాదన మొదలైంది. దిగి పోయి చేలల్లో నిలబడాలని లక్ష్మణప్ప. నిలబడితే బొమ్మలు చూసి అందరినీ ఎక్కిస్తాడని మిగతావాళ్ళు. పోకపోతే భూమి పోతుంది, పోతే మనుషులు పోతారు. గంట సేపు అక్కడక్కడే తిరిగారు.

అక్కయమ్మ తన గంపలోంచి ఒక దిష్టికుండ తీసి నా ముందు పెట్టింది.

"ఇది ఎవరి మొగం, చెప్పు."

ఎవరిదీ కాదన్నాను.

"అయినా పిట్టలు బెదురుతాయి గదా. ఇరవై ఏండ్లుగా చేను కాస్తాండాది గదా. అందరి మొగాలూ ఇట్ల చెయ్యి. నువ్వు ఇచ్చేసిన మొగాలు నువ్వే దాచిపెట్టు."

కుండను చేతిలోకి తీసుకుని చూశాను. రెండు కళ్ళు, వరస పళ్ళు. ఎవరి పోలికా లేదు, ఎవరైనా కావచ్చు. మా గురువు మూడేళ్ళుగా నాకు చెప్పలేక అలసిపోయింది ఇదే.

గురువారం పొద్దున కళ్ళంలో మసిలో ఆముదం కలిపాను. సున్నం అయితే చర్మం కాలుతుందని సుద్ద నూరాను. గుట్ట దిగినవాళ్ళు వచ్చారు. వాళ్ళను చూసి తలుపులు తెరుచుకున్నాయి, బొమ్మల్లో లేనివాళ్ళు కూడా మొహాలు చాపారు. వందకు పైగా రాశాను. లక్ష్మణప్ప విరిగిన ముక్కు మసి కిందికి పోయింది. ఒకప్పుడు గంటసేపు కూచుని గీసిన ముడతలు ఒక్క రుద్దుకు పోయాయి. చివరకు మా అమ్మ గడ్డం మీది మచ్చ మీద మసి పూశాను.

"మీ నాయనను గూడా ఇట్లే రాసింటే ఇంట్లో ఉండేటోడు గదరా పిళ్ళప్పా" అంది. కోపంగా అనలేదు.

ఆడా మగా అందరూ నల్ల కంబళ్ళు తల మీది నుంచి కప్పుకున్నారు. ఏడు చేలల్లో ఏడు గుంపులుగా, వాముల చుట్టూ నిలబడ్డారు. ఎండ ఎక్కుతుండగా అమల్దారు, లెక్కలు రాసే శానుభోగుడు, గొడుగు కింద జోడిదారు, వెనక ఇన్‌స్పెక్టరు, ఆరుగురు పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు చంకలో నా బొమ్మల చుట్ట ఉంది. గట్టు మీదికి వచ్చి అందరూ ఆగిపోయారు. పోలీసుల్లో ఒకడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇన్‌స్పెక్టరు ఒక బొమ్మ విప్పి ఒక మొహం పక్కన పెట్టాడు. ఇంకో బొమ్మ తీశాడు. మూడోది తీశాడు. కాలువలో మొహాలు కడుక్కోమని అరిచాడు.

"నీళ్ళు యాడ ఉండాయి సామీ?" అని ఒక కుండ మొహం అడిగింది. గొంతు అక్కయమ్మది. "తూము మూసింది ఆయప్పే గదా."

అమల్దారు మా పక్షం మనిషి కాదు. ఎండ పడదు, తొందరగా ముగించుకుని చింతామణి పోవాలి. ఈ చేను ఎవరు దున్నేదని అడిగాడు. నరసింహప్ప అన్నారు. ఆయన ఎక్కడ అన్నాడు. జైల్లో అన్నారు. మరి మీరెవరు?

"నరసింహప్ప ఇంటోళ్ళం."

రెండో చేలో అదే అడిగాడు. ఆంజనేయప్ప ఇంటోళ్ళం అన్నారు. ఏడు చేలల్లో ఏడు సార్లు అదే జవాబు వచ్చింది. వేషగాళ్ళ మాట చెల్లదని జోడిదారు గొడుగు విసిరికొట్టాడు. పంట ఉంది, మనుషులున్నారు, నేను చూసేది అంతవరకే అని అమల్దారు రాసుకున్నాడు. ఆ రాత నిలుస్తుందో లేదో ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఆ చేలల్లో మసి లేని మొహం నాది ఒక్కటే. నన్ను నేను రాసుకోలేదు. నా బొమ్మ ఆ చుట్టలో లేదు, దాక్కునే హక్కూ నాకు లేదనిపించింది. నా వేళ్ళ మీది సుద్ద చూసి ఇన్‌స్పెక్టరు నా మెడ పట్టుకుని జీపులో పడేశాడు. ఏడు గుంపులూ గట్లు దాటి వచ్చి బండి బాట పక్కన ఒకటే వరసగా నిలబడ్డాయి.

ఇన్‌స్పెక్టరు నా పక్కన కూచుని మొదటి బొమ్మ విప్పాడు. అంజనమ్మ, ఆంజనేయప్ప భార్య. ఈమె ఒక్కతిని చూపించు, రేపు బరోడా రైలెక్కి చదువుకో అన్నాడు. చూపించకపోతే చదువు మాట మరిచిపొమ్మన్నాడు.

"ఇందులో మీ అమ్మ యాడుందిరా?"

అబద్ధం చెప్పడానికి సిద్ధపడే అటు చూశాను. చూసిన తరవాత, కొడుకుగా, నాకోసమే ఆమెను వెతికాను. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివర దాకా. వంద జతల తెల్లటి కళ్ళు నన్నే చూస్తున్నాయి. జీపు కదిలింది. ఆ మొహాలన్నీ జీపు వెనకే నడవడం మొదలుపెట్టాయి.

"తెలీదు సార్" అన్నాను. నిజంగానే తెలియలేదు.